కొవ్వు బావది, గరిటె అక్కది

మా బావకి రక్తంలో కొవ్వు ఎక్కువైందని పరీక్షలో తేలింది. వాళ్ల అన్న నిరుడే పోర్టులో లోడింగు పని చేస్తూ గుండె ఆగి పోయాడు. అందుకే డాక్టరు మాత్రలు రాసి, మద్దిలపాలెంలో తిండి గురించి ఉచితంగా చెప్పే క్లాసుకి వెళ్లమనగానే, అక్క పొలం పని మానుకుని మరీ ఆయన్ని వెంటబెట్టుకుని బయల్దేరింది. తోడుగా నేను.

ఏడున్నరకి ఆనందపురం జంక్షన్లో బస్సెక్కాం. టికెట్ మనిషికి ముప్పై చిల్లర, రద్దీలో గంట పట్టింది. దిగి ఆటో మాట్లాడుకుంటే, సంగతి విని డ్రైవరు నవ్వాడు. "నాకూ ఉందమ్మా కొవ్వు. మా ఇంటిది నూనె తగ్గిత్తే నానే కసురుతన్నాను."

హాలు గుమ్మంలో ఒకాయన అక్కని ఆపాడు. పేషెంటు ఒక్కరికే ప్రవేశమట, కుర్చీలు లేవట. వండేది ఆవిడే కదండీ అన్నాను. రూలు రూలేనన్నాడు. కిటికీలోంచి ఖాళీ కుర్చీలు కనిపిస్తూనే ఉన్నాయి. ఒళ్లు మండిపోయింది. జన్మలో పొయ్యి వెలిగించని మనిషికి లోపల వంట పాఠం, మూడు పూటలా వండే మనిషికి బయట ఎండ.

పదకొండింటికి బావ బయటికొచ్చాడు.

"ఏటి సెప్పినారు?" అంది అక్క.

"సేపలు మానీమన్నట్టున్నారు. తిండి సరిగ్గా తింటే ఇంక మాత్రలెందుకు, ఆపేత్తాను."

"మరి నూనె సంగతో?"

"అదేదో సెప్పినారు. వంట గొడవ నాకెందుకని ఇన్లేదు."

ఎవర్ని తిట్టాలో తెలీక ఇద్దర్నీ తిట్టాను, బావనీ ఆ గుమ్మం దగ్గరి ఆయన్నీ. అక్క చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లాను. పాఠం చెప్పినావిడ బ్యాగు సర్దుకుంటోంది.

"సేపలు ఏపిన నూనెతోనే మర్నాడు కూరొండుతన్నానమ్మా. తప్పా?" అని అడిగింది అక్క.

ఆవిడ బ్యాగు పక్కన పెట్టి కూర్చుంది. చేపలు మానక్కర్లేదు, వేపుడు మాని తక్కువ నూనెతో పులుసు పెట్టుకోండి, ఒకసారి కాగిన నూనె మళ్లీ వాడొద్దు, డాక్టరు చెప్పకుండా మాత్ర ఆపొద్దు అంది. "ఇవన్నీ ఇందాక చెప్పానండీ" అంటూ బావ వైపు చూసింది.

తిరుగు బస్సులో అక్క బావతో ఒక్క మాటే అంది. "మళ్లీ క్లాసుకి నాను లోపలికెల్తాను. నువ్వు బయట నిల్సో."

నా కోపం మాత్రం ఇంకా చల్లారలేదు. మేము లోపలికి చొరబడకపోతే మర్నాటి నుంచే మాత్రలు చెత్తబుట్టలో పడేవి. పేదవాళ్లకి ఉచితంగా చెప్తున్నాం కదా, అదే పదివేలు అనుకుంటారు కాబోలు ఈ క్లాసులు పెట్టేవాళ్లు. ఇలాంటి క్లాసుకి వెళ్లేవాళ్లకి నా సలహా ఒకటే: ఇంట్లో వండే మనిషిని వెంట తీసుకెళ్లండి. గుమ్మంలో ఆపితే అక్కణ్ణుంచి కదలకండి.