జిల్లాకు పోయొచ్చిన గొళ్లెం

ఏడో తరగతి సగంలో నేను బడి మానేశాను. మళ్లీ బడిలో అడుగుపెట్టింది దాని గేటుకు వెల్డింగు చేయడానికే. కేతేపల్లి దగ్గర హైవే పక్కన నాకో వెల్డింగు షాపు ఉంది. ఈ రోడ్డు పొడవునా ప్లాట్లు అమ్మేవాళ్లు పెట్టించే పెద్ద పెద్ద గేట్లు నేనే చేస్తాను. గేటు మీద ఏనుగులుంటాయి, నెమళ్లుంటాయి. గేటు తీసి చూస్తే లోపల తుమ్మచెట్లు. ముందర మెరిసే పనిలో నాకు అనుభవం ఉందని చెప్పడానికే ఇదంతా.

మా బిడ్డ సర్కారు హైస్కూల్లో తొమ్మిదో తరగతిలో ఉండగా, పిల్లల్ని చిన్నప్పుడే వ్యాపారవేత్తలుగా, ఆవిష్కర్తలుగా తయారుచేసే కార్యక్రమం ఒకటి వాళ్ల బడికి వచ్చింది. దానితో పాటు తెల్ల బూట్ల శిక్షకుడు ఒకాయన హైదరాబాదు నుంచి వచ్చాడు. పిల్లలకు రంగురంగుల అంటుకునే కాగితాలు పంచి, "మీ చుట్టూ ఉన్న సమస్యను వెతకండి. సమస్యే మీ పెట్టుబడి" అన్నాడట. ఆ లెక్కన మా మండలంలో అందరం కోటీశ్వరులమే.

మగపిల్లలు మందు కొట్టే డ్రోన్లు, కలుపు తీసే రోబోలు రాశారు. ఆడపిల్లల కాగితాలన్నింటి మీదా ఒకే మాట ఉంది: బాత్రూం తలుపుకు గొళ్లెం లేదు.

హెడ్మాస్టరు సారుకు చెమటలు పట్టాయి.

"గిదేం సమస్య? గిది మన ఇంటి ముచ్చట. బయటి సమస్యలు రాయుండ్రి. ప్రపంచంల ఎన్ని లేవు!" అన్నాడట.

ప్రపంచం సంగతి నాకు తెలియదు కానీ ఆ తలుపు సంగతి తెలుసు. పల్చటి రేకు తలుపు. బజారులో కొన్న గొళ్లేన్ని చిన్న స్క్రూలతో బిగిస్తే వారం తిరక్కుండానే ఊడి వస్తుంది. అందుకని ఒక పిల్ల లోపలికి పోతే ఇంకో పిల్ల బయట తలుపు పట్టుకుని నిలబడాలి. ఆ జతపిల్ల ఆ రోజు బడికి రాకపోతే ఈమె ఇంటికొచ్చేదాకా బిగబట్టుకోవాలి. మా బిడ్డ పొద్దున నింపుకుపోయిన నీళ్ల సీసా సాయంత్రం నిండుగానే తెచ్చేది.

"ఏంది బిడ్డా, సీసాను బడికి షికారు తీస్కపోయి తెస్తున్నవా?" అని నేను ఆటపట్టించేవాణ్ని.

"తాగితే పోవాలె గద బాపు" అంది ఒకరోజు.

ఆ తర్వాత సీసా మీద నేను జోకు వేయలేదు.

ఆ ఆదివారం షాపులో ఒక మూలన కూర్చుని తనే ఒక గొళ్లెం చేసుకుంది. రేకు చిరగకుండా తలుపుకు లోపలా బయటా రెండు ఇనుప పట్టీలు. వాటి గుండా బోల్టులు దూర్చి నట్లు బిగించింది. లోపల గొళ్లెం జరిపితే బయట చిన్న కిటికీలో ఎర్ర రేకు కనపడుతుంది, తీస్తే ఆకుపచ్చది. రేకులు రెండూ పాత పెయింటు డబ్బావి. ఎర్రరంగు కనపడితే లోపల మనిషి ఉన్నట్టు. ఇక తలుపు తోసేవాళ్లూ ఉండరు, పట్టుకునేవాళ్లూ అక్కర్లేదు.

"దీని మీద ఒక నెమలిని పెట్టాల్నా?" అని అడిగాను.

"నీ నెమలిని ప్లాట్లోళ్లకు పెట్టు బాపు."

బడి తలుపుకు అది ఎక్కింది. మరుసటి వారం మా ఇంటికి నీళ్ల సీసా ఖాళీగా వచ్చింది.

శిక్షకుడు మళ్లీ వచ్చి దాన్ని చూసి మురిసిపోయాడు. "చాలా బాగుంది. కానీ చేసింది చేసినట్టు వదలొద్దు, ఇంకా బాగా చేస్తూనే ఉండాలి. మరి మీ కస్టమర్ ఎవరు?" అని అడిగాడు.

ఎర్ర రేకు వైపు చూపించింది మా బిడ్డ. "లోపలున్నది సార్. వచ్చినంక అడుగుండ్రి."

మొత్తానికి జిల్లా ప్రదర్శనకు ఆ గొళ్లెం ఎంపికైంది. అసలు కథ అక్కడ మొదలైంది. ప్రదర్శనకు పంపాలి కనుక, అటెండరు పానా పట్టుకొచ్చి నట్లు విప్పి, గొళ్లేన్ని తలుపు నుంచి ఊడదీశాడు. మెరుపు కాగితం అంటించిన థర్మాకోల్ అట్ట మీద దాన్ని నిలబెట్టారు. అట్ట మోయడానికి నన్ను నల్లగొండకు తోలుకుపోయారు. అక్కడ ముఖ్య అతిథి ఏ తలుపూ లేని గొళ్లేన్ని అటు జరిపి, ఇటు జరిపి, ఫొటో దిగి, "ఆడపిల్లల గౌరవం" అని మైకులో చెప్పాడు. మొదటి బహుమతి ఇచ్చారు. అందరం చప్పట్లు కొట్టాం. బడిలో ఆ సమయానికి ఎవరో పిల్ల తలుపు పట్టుకుని నిలబడే ఉంటుంది.

తిరిగొచ్చాక గొళ్లెం తలుపు దగ్గరికి పోలేదు. హెడ్మాస్టరు గదిలో అద్దాల బీరువాలో షీల్డు పక్కన కూర్చుంది. బీరువాకు తాళం.

"సార్, తలుపుకు బిగించుకుంటం" అని పిల్లలు అడిగారు.

"పిచ్చా మీకు? అది రాష్ట్ర ప్రదర్శనకు పోవాలె. తలుపుకు పెడితే ఖరాబయితది. అందరు ముట్టుకుంటరు."

మా బిడ్డ రెండోది చేసింది. అది తలుపు మీద మూడు రోజులుందో లేదో, మండల ఆఫీసులో మన బడి పేరు కనపడాలని దాన్నీ విప్పుకుపోయారు. మా షాపులో తయారైన వస్తువుకు అంత గిరాకీ నేను ఎన్నడూ చూడలేదు. నీళ్ల సీసా మళ్లీ నిండుగా రావడం మొదలైంది.

అంతలో కబురు వచ్చింది. గొళ్లెం పిల్లలకు ఎట్లా ఉపయోగపడుతుందో కళ్లారా చూడడానికి పెద్ద మేడం ఒకావిడ వస్తున్నదని. బీరువా తాళం గబగబా తెరిచారు. హెడ్మాస్టరు సారు మా బిడ్డను పిలిచి గొళ్లెం చేతిలో పెట్టాడు.

"నువ్వే బిగించు బిడ్డా. ఆమె పోంగనె అటెండరు విప్పుతడు. రాష్ట్రానికి పంపాలె."

మేడం వచ్చే రోజు పొద్దున మా బిడ్డ బడికి పోతూ షాపు దగ్గర ఆగింది.

"బాపు, గుండు సుత్తె ఇయ్యి."

"నట్లకు పానా గద కావాలె?"

"పానా గూడ ఇయ్యి. సుత్తె గూడ ఇయ్యి."

ఇచ్చాను. అడిగితే చెప్పే మొహం కాదు అది.

తల్లిదండ్రుల తరఫున నన్నూ పిలిచారు. పెద్ద మేడం వచ్చింది, మంచి మనిషి, ఉపన్యాసం వద్దని నేరుగా లోపలికి వెళ్లి గొళ్లెం పెట్టుకుంది. బయట ఎర్ర రేకు కనపడింది. హెడ్మాస్టరు, టీచర్లు, శిక్షకుడు, అందరూ చేతులు కట్టుకుని తలుపు ముందు వరసగా నిలబడ్డారు. కాపలా అక్కర్లేని తలుపుకు అంత కాపలా. ఆడపిల్లలు దూరంగా నిలబడి మూతులు మూసుకుని నవ్వారు.

మేడం మెచ్చుకుని కారెక్కింది. దుమ్ము అణగక ముందే అటెండరు పానా తీసుకుని వచ్చాడు.

"సార్, తిరుగుతలేదు."

"గట్టిగ తిప్పు."

"ఎట్ల తిప్పాలె సార్? బోల్టుల కొసలన్ని సుత్తెతోటి సదును చేసిన్రు. నట్టు రాదు."

హెడ్మాస్టరు మా బిడ్డ వైపు తిరిగాడు. "గిట్లెందుకు చేసినవ్?"

"శిక్షణ సారే గద అన్నరు సార్, చేసింది చేసినట్టు ఇడువొద్దు, ఇంక మంచిగ చేస్తనే ఉండాలె అని."

"మరి రాష్ట్రానికి ఏం పంపాలె?"

"మండల ఆఫీసుల ఒకటున్నది గద సార్. దానికి తలుపు గూడ లేదు. అట్ట మీదికి అదే మంచిగుంటది."

సారు నా వైపు చూశాడు. "ఏందయ్యా, నువ్వన్న చెప్పు. ఇది తీయరాదా?"

"ఎందుకు రాదు సార్, తీయొచ్చు. తలుపుతో పాటు తీయాలె. మీ బీరువకు జర పెద్ద అద్దం పెట్టిస్తే సరిపోతది."

నేను పరాచికానికే అన్నాను. ఆయన మాత్రం తలుపు ఎత్తును ఒకసారి కళ్లతో కొలిచాడు.

అప్పుడు వెనక నుంచి ఆరో తరగతి పిల్ల ఒకతె వచ్చింది. ఒక్కతే వచ్చింది, జత ఎవరూ లేరు. మా అందరినీ ఒకసారి చూసి, "సార్, జర జరుగుండ్రి" అంది.

హెడ్మాస్టరు జరిగాడు. అటెండరు పానా వెనక దాచుకున్నాడు. పిల్ల లోపలికి పోయింది, ఎర్ర రేకు పడింది. అక్కడ ఇంకా ఎందుకు నిలబడి ఉన్నామో మాకే తోచక, ఒకరి వెనక ఒకరం ఆఫీసు గది వైపు నడిచాం.