గుల్లల ఇసుక కోసం అంతర్వేది దాకా

ఉప్పునీటి తొట్టె పెట్టాలనుకునేవాళ్ళు ముందు చేపల గురించే ఆలోచిస్తారు. మేమూ అంతే. రాజమండ్రిలో రంగుచేపల కొట్టాయన మమ్మల్ని ఆపేరు.

"ముందు అడుగున గుల్లల ఇసక పరవండి. అందులో సున్నం కొద్దికొద్దిగా కరుగుతా నీళ్ళని సముద్రం నీళ్ళలా నిలబెడుతుంది. నారింజరంగు మీద తెల్లపట్టీలున్న ఈ జత మీకోసం ఉంచుతాను. ఇసక దొరక్కపోతే మటుకు మంచినీళ్ళ చేపలతో సరిపెట్టుకోండి."

ఆ చివరి మాటకి మా ఆవిడ సత్యవతి ముఖం చిన్నబోయింది. మస్కట్‌లో ఒకరింట్లో ఐదేళ్ళు పనిచేసి వచ్చిందావిడ. వంటతోపాటు ఆ ఇంటి చేపల తొట్టె కూడా తనే చూసేది. తెల్లటి ఇసుక మీద తిరిగే ఆ చేపల కబుర్లు ఫోనులో ఎన్ని విన్నానో! తిరిగొచ్చాక తన కోసమని అడిగింది అలాంటి తొట్టె ఒక్కటే.

నేను అమలాపురంలో కొబ్బరికాయల కొట్లో లెక్కలు చూస్తాను. చదువు పదితో ఆగినా కొలతలంటే సరదా. తొట్టె పొడవు ముప్ఫై ఆరు అంగుళాలు, వెడల్పు పదిహేను. అంగుళంన్నర మందాన పరవాలంటే పదమూడు లీటర్ల పైచిలుకు ఇసుక కావాలి. సముద్రం పక్కనే ఉన్నాం, అదెంత పని అనుకున్నాను.

డిసెంబరులో ఒక ఆదివారం ఉదయం ఆరున్నరకి రాజోలు బస్సెక్కాం. సంచీలో రెండు ఖాళీ బియ్యం సంచులు, పాత రేడియో స్పీకరులోంచి తీసిన అయస్కాంతం, గాజు గ్లాసు, నీళ్ళ సీసా, ఆరు నిమ్మకాయలు. గన్నవరం దాటేదాకా మంచు వదల్లేదు. ఎనిమిదింటికి రాజోల్లో దిగి, టీ తాగి, అంతర్వేది బస్సు పట్టుకున్నాం. మా పక్కన తమలపాకుల బుట్టతో ఒక పెద్దావిడ కూర్చుంది. మా సంచీలోకి తొంగి చూసింది.

"సముద్రానికి నిమ్మకాయలేటండీ? దిష్టి తీస్తారా?"

"ఇసక్కండీ. రసం పిండితే పొంగాలి. పొంగిందంటే అందులో సున్నం ఉన్నట్టు."

"ఆయ్," అంది కానీ, నన్ను కాస్త అనుమానంగానే చూసింది.

తొమ్మిదింపావుకి దిగి సముద్రం ఒడ్డుకి నడిచాం. దూరానికి ఇసుక బాగానే మెరిసింది. దగ్గరికెళ్తే అలలు వదిలిన చోటల్లా నల్లటి చారలు. అయస్కాంతం ఆనించాను, దానికి మీసాలు మొలిచాయి. అంత ఇనుపరజను తొట్టెలోకి పనికిరాదు. నలుపు లేనిచోట తవ్వి నిమ్మరసం పిండితే ఉలుకూ పలుకూ లేదు. నాలుగు చోట్ల చూశాం. నాలుగుచోట్లా అంతే.

"పోనీ గుల్లలు ఏరుకుని దంచుకుందామా?" అంది సత్యవతి. అరగంట ఏరితే ఒక గ్లాసు నిండింది. ఆ లెక్కన ముప్ఫై మూడు గంటలు ఏరాలి.

"అయితే గోల్డ్ ఫిష్షే వేద్దాం లెండి. అవీ బానే ఉంటాయి," అంది, కొంగుతో చేతులు దులుపుకుంటూ. బానే ఉంటాయన్న మనిషి, రాజోల్లో కట్టించుకున్న పొట్టిక్కల పొట్లం విప్పి, ఆ పనసాకు ఇడ్లీల్లో ఒకటి తిని మిగతావి నా వైపు తోసేసింది.

పన్నెండింటికి బస్టాండుకి వస్తే ఆకుల పెద్దావిడ అక్కడే బుట్ట పెట్టుకుని అమ్ముతోంది.

"పొంగిందేటండీ సముద్రం?"

లేదన్నాను. ఆవిడ బుట్టలోంచి సున్నం డబ్బీ తీసి చూపించింది. "గుల్లలు కావాలంటే సముద్రం దగ్గిరికెందుకండీ? ఈ సున్నం కాల్చే మంగాయమ్మ దగ్గిరికెళ్ళండి. ఉప్పుటేరు గట్టున బట్టీ ఉంది. కుప్పలు కుప్పలు."

ఆటోలో ఇరవై నిమిషాలు. బట్టీ ఆరి ఉంది. మంగాయమ్మ జల్లెడ పడుతోంది. పెద్ద గుల్లలు కాల్చడానికి, కింద రాలే సన్నరవ్వ పారెయ్యడానికి. సన్నం పడితే బట్టీలో గాలి ఆడదట. మేం ఎందుకొచ్చామో చెప్పగానే నడుం పట్టుకుని నవ్వింది.

"చేపలకి ముగ్గెట్టిస్తారేటండీ! ఆయ్, పట్టికెళ్ళండి, ఎంత కావాలంటే అంత. పారేసేదానికి డబ్బులేటండీ."

బట్టీ పక్కన తెల్లటి కుప్ప. నిమ్మరసం పిండాను. బుసబుసమని పొంగింది. సత్యవతి అప్పుడే సంచీ విప్పేసింది. నేను ఆగమన్నాను. గుప్పెడు గ్లాసులో వేసి నీళ్ళు పోస్తే, కాసేపటికి గ్లాసు వెచ్చబడింది. కాలిన సున్నం కలిసిందన్నమాట. ఇది వేస్తే చేపలు గంట కూడా బతకవు. సత్యవతి చేతిలో సంచీ అలాగే ఉండిపోయింది.

"అది బట్టీ దులిపిన కుప్పండీ బాబూ!" అంది మంగాయమ్మ. "కాల్చంది ఏటి పక్కనుంది, రండి."

అక్కడి రవ్వ అంత తెలుపు కాదు, లేతగా గులాబీ కలిసింది. నిమ్మరసానికి పొంగింది. గ్లాసులో నీళ్ళు పోసి పది నిమిషాలు ఆగాం. గ్లాసు నా చేతికి చల్లగానే ఉంది గానీ సత్యవతికి నమ్మకం చాల్లేదు. చెంపకి ఆనించుకుని, కళ్ళు మూసుకుని నిలబడింది.

"చల్లగా ఉందండీ," అంది. "మస్కట్లో దానికంటే ఇదే బావుంది."

ఇద్దరు ఆడవాళ్ళూ ఏటిలో దిగి, మోకాళ్ళదాకా తడిసి, రవ్వ కడిగేరు. మంగాయమ్మ జల్లెడలో చేపలా చెయ్యి ఆడించి చూపిస్తుంటే సత్యవతి నవ్వలేక ఏట్లో కూలబడింది.

అయిదుంపావుకి రాజోల్లో అమలాపురం బస్సు దొరికింది. రెండు సంచులూ సీటు కింద పెట్టాం. మీరూ వెళ్తే నిమ్మకాయ ఒక్కటే నమ్ముకోకండి. నీళ్ళు పోసి వెచ్చబడుతుందేమో కూడా చూడండి. సముద్రం మటుకు ఊరికే చూసి రండి, చాలా బావుంటుంది.

కండక్టరు సంచులు కాలితో తట్టి, "సిమెంటాండీ?" అని అడిగేరు.

లెక్కంతా చెబుదామని నేను నోరు తెరిచేలోపే సత్యవతి అందుకుంది. "కాదండీ, మా చేపలకి."

మస్కట్ నించి మాట్లాడిన ఐదేళ్ళూ తన నోట అవి ఆ ఇంటి మేడమ్ గారి చేపలే. ఈ చేపలు ఇంకా రాజమండ్రి కొట్లోనే ఉన్నాయి, డబ్బు కూడా కట్టలేదు. అయినా వాటి రంగూ, పట్టీలూ, వేళకి తిండి వెయ్యకపోతే పడే అలకా, అన్నీ కండక్టరుకి చెబుతూనే ఉంది. ముందు సీట్లవాళ్ళు కూడా ఇటు తిరిగి కూర్చున్నారు.