పొంగని పాలు

మార్కాపురంలో కంభం రోడ్డు మీద ఏసీ కాఫీ షాపు తెరిచినప్పుడు సగం ఊరు చల్లగాలి కోసం వెళ్లింది, మిగతా సగం వీరమ్మ చేతి కాఫీ కోసం వెళ్లింది. చల్లగాలి దొరికింది. కాఫీ మాత్రం దొరకలేదు.

వీరమ్మ లేకపోతే కదా అనుకోవడానికి! నల్ల టోపీ పెట్టుకుని, నల్ల ఏప్రాన్ కట్టుకుని కౌంటరు వెనకే నిలబడి ఉంది. బస్టాండు పక్కన పద్నాలుగేళ్లు బంకు నడిపిన మనిషి. ఆర్టీసీ డ్రైవరు సామ్యేలుకు డికాక్షన్ దిట్టంగా ఉండాలి, చక్కెర రెండున్నర చెంచాలు పడాలి, గ్లాసు పట్టుకుంటే వేళ్లు చురుక్కుమనాలి. పలకల ఫ్యాక్టరీ మేస్త్రీకి మీగడ తేలాలి. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు కదా, ఆ జిహ్వలన్నీ ఆమెకు కంఠతా వచ్చు.

ఇప్పుడు ఆ జిహ్వలన్నిటికీ కలిపి కంపెనీ ఒకే పుస్తకం ఇచ్చింది. పాలు అరవై అయిదు డిగ్రీలు దాటకూడదు. కాఫీ పొడి పద్దెనిమిది గ్రాములు, అది కూడా కాటా మీద తూచి. చక్కెర కలపకూడదు, పొట్లాలు పక్కన పెట్టాలి. కంపెనీ పాలు తప్ప బయటి పాలు మిషను దగ్గరికి రాకూడదు. వీరమ్మ ఇవన్నీ ఒక్కటి తప్పకుండా చేసేది.

“ఏంది వీరమ్మా ఇది? నాలికన్నా కాలకపోతే అది కాఫీ ఎట్లయితది? పసిబిడ్డకు పట్టే పాల మాదిరుండాది,” అని సామ్యేలు రోజూ గొణిగేవాడు. గొణుగుతూనే రోజూ వచ్చేవాడు.

“రూలు బాబాయ్,” అనేది ఆమె. ఆ మాటలో విసుగూ లేదు, జాలీ లేదు.

షాపు పెట్టిన సురేష్‌ది కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. కంపెనీ మాట వినకపోతే బోర్డు పీకేస్తారు, వింటే జనం రారు. ఒకరోజు మెల్లగా వచ్చి, “వీరమ్మక్కా, మనోళ్లు వచ్చినప్పుడు నీ పాత పద్ధతిలో పెట్టియ్యి. ఎవరు చూడొచ్చినారు?” అన్నాడు. ఆమె తలూపింది. తలూపి, మళ్లీ థర్మామీటరే పెట్టింది. ఎంత మొండిదిరా అనుకున్నాడు సురేష్.

మొండితనం కాదది. పాత పద్ధతికి నోరు కావాలి. ఆమెకు నోట్లో రుచి చచ్చిపోయింది.

మొన్న మాఘమాసంలో ఒక తెల్లవారుజామున, ఆమె భర్త కాటమరాజు ఎప్పటిలాగే పెద్దారవీడు నుంచి బండి మీద పాలక్యాన్లు తెచ్చాడు. రెండు క్యాన్లు దించి, ఛాతీ పట్టేసిందని బంకు పక్కన కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు. ఆమె ఏడవలేదు. గుండె రాయి అన్నారు ఆడవాళ్లు. పెద్దదినం కాగానే బంకు తెరిచింది గానీ, చక్కెర వేసిందో లేదో చప్పరించి చూసినా తెలిసేది కాదు. ఒకరోజు సామ్యేలు గ్లాసులో రెండుసార్లు వేసింది, మర్నాడు అసలు వేయలేదు. వారం తిరక్కుండా బంకు మూసేసింది. సురేష్ పిలిచి ఉద్యోగమిస్తే ఒప్పుకుంది. ఇక్కడ రుచి కాటా చెబుతుంది, వేడి థర్మామీటరు చెబుతుంది, ఆమె నాలుకను ఎవరూ అడగరు. జనం తిట్టుకునే ఆ పుస్తకమే ఆమెను ఎనిమిది నెలలు నిలబెట్టింది.

ఇంకో సంగతి కూడా ఉంది. జీవాలు మేపుకునే వాళ్లిళ్లలో మనిషి పోతే పాలు పొంగనివ్వరు, వెచ్చబడగానే దించేస్తారు. పెద్దదినం అయ్యాక పుట్టింటివాళ్లు తమ పాడి పాలు తెచ్చి, ఆడబిడ్డ పొయ్యి మీద తమ చేత్తో పొంగించి, ఆమె చేత తాగిస్తే గాని మైల తీరదు. వీరమ్మకు పుట్టింటివాడంటూ అన్న యల్లయ్య ఒక్కడే. చావుకు వచ్చి, ఆ సాయంత్రమే గొర్రెల దగ్గరికి వెళ్లినవాడు మళ్లీ రాలేదు. అందుకని ఆమె అద్దె గదిలో ఇప్పటికీ పాలు పొంగలేదు. షాపులో ఎలాగూ పొంగవు. పొద్దస్తమానం చావింటి పాలే కాచి ఊరందరికీ పోస్తున్నట్టు ఆమెకు అప్పుడప్పుడూ తోచేది. తోచినా ఏమీ అనిపించేది కాదు.

ఆ యల్లయ్య నిన్న మధ్యాహ్నం షాపు అద్దం తలుపు తోసుకుని వచ్చాడు. భుజాన గొంగడి, చేతిలో నీళ్ల సీసా నిండా బర్రెపాలు. సరిగ్గా అప్పుడే లోపల యామిని ఉంది. విజయవాడ నుంచి నెలకోసారి వచ్చి అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో ట్యాబులో రాసుకుపోయే కంపెనీ అమ్మాయి.

“మందకు మూతివాపు రోగమొచ్చింది, అమ్మాయ్. సగం జీవాలు పోయినాయి. ఆ తర్వాత రావాలంటే మొగం చెల్లలా,” అన్నాడు యల్లయ్య చెల్లెలి ముందు తల దించుకుని. “నాలుగింటి బస్సుకు త్రిపురాంతకం పోవాల. పొయ్యి యాడుంది?”

“ఈడ పొయ్యి లేదన్నా. ఆవిరి మిషను.”

“నువ్వు దినామూ పాలు కాసేది దీని మీదనే గదా? అయితే ఇదే నీ పొయ్యి,” అంటూ చెప్పులు విడిచి కౌంటరు వెనక్కి వచ్చేశాడు.

యామిని లేచి నిలబడింది. “సార్, లోపలికి రాకూడదు. వీరమ్మ గారూ, ఆ పాలు మిషన్‌కి పెడితే నేను రాయక తప్పదు. రాస్తే మీ ఉద్యోగం ఉండదు.” ఆ అమ్మాయి గొంతులో కోపం లేదు, బతిమాలుతున్నట్టే ఉంది. సురేష్ గోడ గడియారం చూశాడు. మూల బల్ల దగ్గర సామ్యేలు తాగుతున్న కప్పు దించాడు.

వీరమ్మ సీసా వైపు చూసింది. ఈ పని పోతే మళ్లీ నోటితోనే బతకాలి. ఆ నోరు ఎక్కడుందో ఆమెకు తెలియదు.  అయినా జగ్గుకు తగిలించిన థర్మామీటరు తీసి పక్కన పెట్టింది.

“రాసుకో తల్లీ. నీ పని నువ్వు చెయ్యి.”

పాలు జగ్గులో పోసి, అన్న చెయ్యి పట్టుకుని ఆవిరి పిడి మీద పెట్టింది. మిషను బుస్సుమనేసరికి యల్లయ్య ఉలిక్కిపడ్డాడు గానీ చెయ్యి తీయలేదు. పాలు సుళ్లు తిరిగి, అంచు దాకా లేచి, పొంగి నల్లరాతి బండ మీద పారాయి. యల్లయ్య పొంగిన పాలను వేళ్లతో తాకి కళ్లకద్దుకున్నాడు. యామిని రాసుకుంది.

“ఒట్టి పాలు నీకు చిన్నప్పట్నుంచీ సయించవు. కాఫీ కలుపుకో,” అన్నాడు అన్న.

కాటా వైపు చూడకుండా ఆమె కలుపుకుంది. మొదటి గుక్క వేడిగా దిగింది, అంతే. రెండో గుక్కలో జొన్నచొప్ప తిన్న బర్రెపాల కమ్మదనం తగిలింది. కాటమరాజు క్యాన్ల మూత తీస్తే బంకంతా వచ్చే వాసన. మూడో గుక్క మింగి గ్లాసు దించింది.

“చక్కెర చాల్లేదన్నా,” అంది.

అనగానే ముఖం ముడుచుకుపోయింది. ఎనిమిది నెలలుగా రాని ఏడుపు, సురేష్ ముందూ సామ్యేలు ముందూ, టోపీ జారిపోతున్నా ఆగకుండా వచ్చింది. చక్కెర తక్కువైతే ఇంత ఏడుపేందో యల్లయ్యకు అర్థం కాలేదు. కంగారుగా పొట్లాలు పళ్లతో చించి ఒక్కొక్కటే గ్లాసులో వేశాడు.

“చాలా?” అని అడిగాడు.

ఆమె వెక్కుతూనే ఇంకో గుక్క తాగి చూసింది.

“ఇంకొకటి ఎయ్యి,” అంది.