ఒకవేళ ఉన్నట్లయితే

దేవుడు లేడనడానికి మూడో కారణం చెబుతుండగా తరగతి గదిలో ఫ్యాను కప్పు ఊడి మాస్టారి నడినెత్తిన పడింది. పిల్లలు లేచి చప్పట్లు కొట్టారు. ఆయన బొప్పి తడుముకుని, "ఇది ఫ్యాన్లు బాగుచేసేవాడు ఉన్నాడనడానికి కూడా సాక్ష్యం కాదు," అని నాలుగో కారణంలోకి వెళ్లిపోయారు.

ఆయన కాలేజీలో మతాల గురించిన తత్వశాస్త్రం చెబుతారు. నాస్తికత ఆయనకు అలకా కాదు, తిరుగుబాటూ కాదు. "నాకు నమ్మకం లేదు" అంటే అది నీ మనసు సంగతి. "దేవుడు లేడు" అంటే లోకం సంగతి, దానికి కారణం చూపాలి. ఇదీ ఆయన మొదటి పాఠం. ఆస్తికుల వాదాన్ని కూడా ఎంత బలంగా వినిపించేవారంటే, కొందరు పిల్లలు ఆ పూటకి భక్తులైపోయి మర్నాటికి మళ్లీ చెడిపోయేవారు. ఇంట్లోనూ అదే వరస. "పంచదార సరిపోయిందా?" అని భార్య అడిగితే, "ఎవరికి?" అనేవారు.

అలాంటి మనిషి నెత్తిన అక్కకి గుండె ఆపరేషను వచ్చి పడింది.

తల్లి పోయాక ఆయన్ని పెంచింది ఆవిడే. కుట్టుమిషను పక్కన కూర్చోబెట్టుకుని, దారం పంటితో తెంపుతూ ఎక్కాలు అప్పజెప్పించుకునేది. ఇప్పుడు ఆసుపత్రి గౌనులో మంచం మీద కూర్చుని, స్ట్రెచరు ఎక్కనని మొరాయించింది.

"ముందు వీడు నాకోసం దేవుణ్ణి ఒక్కమాట అడగాలి. అప్పుడే ఎక్కుతా."

"వాడడిగితే ఆయన కంగారుపడతాడే, కొత్త గొంతు కదా!" అన్నాడు బావ. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

"మీరూరుకోండి. ఒరేయ్ తమ్ముడూ, నాకు భయంగా ఉందిరా."

ఇంత బాధ ఉన్న లోకానికి దయగల దేవుడు ఉండడని చెప్పే పాఠంలో, మాస్టారు ఏటా ఉదాహరణకి ఒక రోగిని మంచం మీద పడుకోబెట్టేవారు. ఆ రోగికి ముఖం ఉండేది కాదు. ఇప్పుడు ఆ మంచం మీద అక్క, చల్లబడ్డ పాదాలు ఒకదానికొకటి రాసుకుంటోంది. వాదం ఎక్కడా సడలలేదు, ఎప్పటంత గట్టిగానే ఉంది. దాన్ని పట్టుకుని ఇక్కడ నిలబడడానికే ఆయనకు సిగ్గేసింది.

అడగనంటే అక్క కదలదు. అడిగితే అక్క మొహమ్మీదే అబద్ధమాడినట్టు. డాక్టర్లు సిద్ధంగా ఉన్నారని నర్సు రెండోసారి వచ్చి చెప్పింది.

మాస్టారు చేతులు జోడించారు. ఎటు చూడాలో తెలియక కిటికీ గొళ్లెం వైపు చూశారు.

"ఒకవేళ నువ్వు ఉన్నట్లయితే," అన్నారు, "ఉండి వినగలిగితే, విని చెయ్యదలిస్తే, మా అక్కని మాకు తిరిగి ఇచ్చెయ్యి."

బావ నుదురు కొట్టుకున్నాడు. అక్క స్ట్రెచరు ఎక్కింది గానీ, మొహం ముడుచుకునే ఉంది. తలుపు దాకా వెళ్లాక తల తిప్పింది.

"లోపలికెళ్లి మళ్లీ వస్తానో రానో తెలియనిదాని కోసం అడుగుతూ కూడా ఇన్ని షరతులా? మామూలుగా అడిగితే నీ సొమ్మేం పోయేదిరా?"

వెంట నడుస్తున్న మాస్టారు స్ట్రెచరు అంచు పట్టుకున్నారు.

"అబద్ధం కలిపి అడిగితే వినడేమోనని భయమేసిందక్కా."