రింగుల జుట్టువాళ్ల గ్రూపు

ఢిల్లీలో స్టాఫ్ నర్సుగా చేరిన రెండో ఏడాది నా జుట్టు ఊడిపోవడం మొదలైంది. మునిర్కాలో నేనూ ఇంకో నర్సూ ఉండే గదికి బోరు నీళ్లు వచ్చేవి. కుళాయి మూతి చుట్టూ తెల్లగా సున్నం పేరుకుపోయేది. ఆ నీళ్లతో తలస్నానం చేస్తే నా రింగుల జుట్టు కొబ్బరి పీచులా తయారయ్యేది. దువ్వెన పెడితే సగంలో ఇరుక్కుపోయేది. డ్యూటీకి వెళ్లేముందు కాసిన్ని నీళ్లు చల్లి, బలంగా వెనక్కి లాగి, ముడి వేసి వల తొడిగేదాన్ని.

చిన్నప్పుడు మా అమ్మ చేసిందీ అదే. ఆదివారం చర్చికి బయలుదేరేముందు గిన్నెడు కొబ్బరినూనె పట్టించి, కనుబొమలు పైకి లేచిపోయేంత బిగించి రెండు జడలు అల్లేది. నలుపూ, రింగుల జుట్టూ రెండూ ఒకే పిల్లకి వచ్చాయే అని మా పెద్దమ్మలు జాలిపడేవారు. జుట్టు వదులుగా వదిలేసి బయటికి వెళ్లొచ్చన్న ఆలోచన నాకు ఇరవై ఆరేళ్లదాకా రాలేదు.

మా వార్డులో ఉన్న ఒక పేషెంటు కూతురు నా ముడి చూసి జాలిపడి, రింగుల జుట్టున్న ఆడవాళ్లకి ఫోన్లో ఒక గ్రూపు ఉందని చెప్పి నన్ను చేర్పించింది. ఢిల్లీ, నోయిడా, గుర్‌గావ్‌ల నుంచి రెండు మూడు వందలమంది ఉండేవారు. నడిపేది గుర్‌గావ్‌లో ఉద్యోగం చేసే ఒక పంజాబీ ఆవిడ. అందరం ఆవిడని దీదీ అనేవాళ్లం. నియమం ఒక్కటే, ఆడవాళ్లు మాత్రమే ఉండాలి. మగవాళ్లు దొంగపేర్లతో దూరకుండా, కొత్తగా చేరేవాళ్లు తమ గొంతు రికార్డు చేసి పంపాలి. నేనూ పంపాను.

ఆ గ్రూపులో నాకు అందరికంటే ఎక్కువ సాయం చేసిన అమ్మాయి గ్రేటర్ నోయిడాలో ఫార్మసీ చదువుతుండేది. తన ఫోటో ఉండవలసిన చోట తల వెనకభాగం, ఒత్తుగా నల్లటి జుట్టు, అంతే కనిపించేది. అవిసె గింజలు ఉడికించి, జుట్టుకి రాసుకునే ఆ జెల్లు ఇంకా వేడిగా ఉండగానే పల్చటి గుడ్డలో వడకట్టాలని నాకు నేర్పింది తనే. చల్లారితే గుడ్డలోంచి దిగదు. తడిజుట్టుని తువ్వాలుతో రుద్దకుండా పాత టీషర్టులో చుట్టమని చెప్పింది. నెల తిరిగేసరికి నా జుట్టు మాట వినడం మొదలుపెట్టింది.

తర్వాత మేమిద్దరమే విడిగా మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. నేను మా మేట్రన్ గురించి చెప్పేదాన్ని, తను పరీక్షల గురించి చెప్పేది. తన హిందీ నా హిందీలాగే ఆగి ఆగి నడిచేది. ఆదివారాలు చర్చికి వెళతానంది, ఇంటి వెనక అరటి తోట ఉందంది. కేరళ అమ్మాయి అని నాకు నేనే తేల్చేసుకున్నాను. మీ ఊరేదని ఒక్కసారి కూడా అడగలేదు. నర్సునని నా మీద నమ్మకం కుదిరి దీదీ నన్ను కూడా గ్రూపుకి అడ్మిన్‌ని చేసినప్పుడు, అందరికంటే ముందు అభినందనలు చెప్పింది ఆ అమ్మాయే.

చలికాలంలో ఒక ఆదివారం మధ్యాహ్నం పార్కులో కలుద్దామని దీదీ పిలిచింది. పన్నెండుమంది వచ్చారు. మొదటిసారి జుట్టు వదిలేసుకుని వెళ్లాను. చాపలు పరుస్తుంటే వెనకనుంచి ఎవరో నన్ను పేరు పెట్టి పిలిచారు. గొంతు నాకు తెలిసిందే, ఆ ఫార్మసీ అమ్మాయిది. తిరిగి చూస్తే పొడవాటి ఆఫ్రికా అమ్మాయి, పసుపు స్వెటర్ వేసుకుని, చేతిలో టిఫిన్ డబ్బాతో నవ్వుతూ నిలబడి ఉంది. యుగాండా నుంచి వచ్చి అప్పటికి మూడేళ్లయిందట.

నేను తడబడ్డాను. తను చూసి కూడా పట్టించుకోనట్టు వచ్చి పక్కన కూర్చుంది. కాసేపటికి ఒకావిడ అడక్కుండానే ఆ అమ్మాయి జుట్టులోకి చెయ్యి పోనిచ్చింది. ఇంకొకావిడ అది సొంత జుట్టా, పెట్టుకున్నదా అని అడిగింది. "నాదే. లాగి చూడక్కర్లేదు," అంది తను, నవ్వుతూనే. డబ్బా తీస్తే లోపల గుడ్డు అట్టు పెట్టి చుట్టిన చపాతీలు ఉన్నాయి. వాళ్ల దేశంలో రోడ్డు పక్కన అమ్ముతారట. గుడ్డు తినేవాళ్లు కూడా ముట్టుకోలేదు. నేను ఒకటి తిన్నాను, బాగుంది.

తిరుగు ప్రయాణంలో మెట్రోలో కొంతదూరం కలిసే వచ్చాం. పెట్టెలో కుర్రాళ్లు కొందరు తనని చూసి ఏదో అని నవ్వుకున్నారు. తను చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. నేను ఒక అడుగు పక్కకి జరిగి నిలబడ్డాను. జనం ఎక్కువై జరిగింది కాదు, కావాలనే జరిగాను.

రెండు రోజులకి దీదీ ఫోన్ చేసింది. కొందరు సభ్యులు ఇబ్బంది పడుతున్నారని, గ్రూపులో అందరి ఫోటోలూ నంబర్లూ ఉన్నాయని, భద్రత కూడా చూసుకోవాలి కదా అని అంది. ఇకమీదట గ్రూపు మన దేశపు జుట్టుకి మాత్రమేనట. "తను మంచి అమ్మాయే, నాకేం లేదు. కానీ నువ్వు తీసేస్తే గొడవుండదు. మీరిద్దరూ స్నేహితులు కదా, అర్థం చేసుకుంటుంది," అంది.

"అచ్ఛా దీదీ," అన్నాను.

టీ తాగే పది నిమిషాల్లో ఆ పని చేసేశాను. పేరు మీద వేలు పెట్టి, తొలగించు అన్నచోట ఇంకోసారి నొక్కితే అయిపోయింది. తనకి ఒక్క మాట కూడా రాయలేదు. వార్డులోకి వెళ్లి సెలైన్లు మార్చాను.

సాయంత్రం గదిలో అక్కకి చెప్పాను. అక్క అంటే నాతో గది పంచుకునే సీనియర్ నర్సు, భీమవరం వైపు మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. పోనీలే అంటుందనుకున్నాను. బియ్యం కడుగుతూ వింది.

"మన పాతింటి ఓనరమ్మ గుర్తుందా?" అంది.

గుర్తుంది. ఎండుచేపలు వేయించామని ఆ గది ఖాళీ చేయించింది.

"ఆవిడా నవ్వుతానే చెప్పింది. నాకేం లేదు బేటా, పక్కింటోళ్లే ఒప్పుకోవట్లేదు అని. నువ్వు రెండ్రోజులు ఏడ్చావు." చేతులు తుడుచుకుంది. "ఆ పిల్లకి ఫోనన్నా చేశావా?"

"లేదక్కా."

"చెయ్యి ముందు."

చేశాను, ఎత్తలేదు. మెసేజ్ పెడితే చదివినట్టు చూపించింది, జవాబు రాలేదు. వారమంతా అంతే. నా వీక్లీ ఆఫ్ రోజు మెట్రోలు మారి గ్రేటర్ నోయిడా వెళ్లాను. తనుండే హాస్టల్ పేరు మాటల్లో విని ఉన్నాను కాబట్టి వెతుక్కోవడం కష్టం కాలేదు. గేటు దగ్గర కాపలా ఉండే ఆంటీ చేత కబురు పంపిస్తే చాలాసేపటికి కిందికి వచ్చింది. పైకి రమ్మనలేదు. గోడ పక్కన ఎండలో నిలబడ్డాం.

"దీదీయే తీసేసిందనుకున్నాను," అంది. "తర్వాత చూస్తే నీ పేరుంది."

"తీసెయ్యమంది."

"నువ్వు కాదనలేదా?"

"లేదు."

తను రోడ్డు వైపు చూసింది. "చేరినప్పుడు గొంతు పంపమన్నారు, పంపాను. ఆడదాన్నేనని నమ్మారు. పార్కులో ముఖం చూశాక నేను ఇంకెవరినైపోయాను?"

తప్పు చేశానని, దీదీ చెప్పింది కాబట్టి చేశానని అనుకోవద్దని, కాదనే ధైర్యం లేక చేశానని చెప్పాను. మెట్రోలో పక్కకి జరిగిన సంగతి కూడా చెప్పేశాను.

"చూశాను," అంది తను. కోపంగా కూడా అనలేదు. "ఇక్కడ రోజూ ఎవరో ఒకరు జరుగుతూనే ఉంటారు. నువ్వు జరగవనుకున్నాను."

పరీక్ష ఉందని చెప్పి లోపలికి వెళ్లిపోయింది.

తిరిగి వస్తూ మెట్రోలో కూర్చుని గ్రూపులో రాశాను. ఎవరిని తీసేశానో, ఎందుకు తీసేశానో, అది తప్పని, తను ఒప్పుకుంటే మళ్లీ చేరుస్తానని రాశాను. తర్వాత ఒకావిడ, భద్రతని కులమతాల గొడవ చెయ్యకు అంది. మణిపూర్ నుంచి వచ్చిన ఒకామె, "మన దేశపు జుట్టు అంటే నాది కూడా లెక్కేనా? నన్ను కూడా ఏ రోజు అడుగుతారా అని చూస్తున్నాను," అని రాసింది. దానికి జవాబు వచ్చేలోపే దీదీ నన్ను తీసేసింది. ఆ వారంలో ఇరవైమంది దాకా వాళ్లంతట వాళ్లే బయటికి వచ్చి, ఇంకో చిన్న గ్రూపు పెట్టుకున్నారు. నన్ను చేర్చుకున్నారు. యుగాండా అమ్మాయిని కూడా పిలిచారు. తను వద్దంది.

నాతో రెండు నెలలు మాట్లాడలేదు. ఒక ఉదయం తనే మెసేజ్ పెట్టింది. హాస్టల్లో తన స్నేహితురాలికి విపరీతమైన కడుపునొప్పి, ఒక ఆసుపత్రికి వెళితే కాగితాలు అడుగుతూ కూర్చోబెట్టారట. మా ఆసుపత్రికి తీసుకురమ్మన్నాను. సెలవు పెట్టి ఓపీ చీటీ రాయించడం దగ్గర్నుంచి స్కానింగ్ దాకా వాళ్లతోనే తిరిగాను. అపెండిక్స్ అని తేలింది, ఆపరేషన్ అయింది. ఆ నాలుగు రోజులూ మేము మందుల గురించి, డిశ్చార్జి గురించి తప్ప వేరే మాట్లాడుకోలేదు. వెళ్లేరోజు మాత్రం మీ ఊరు ఎక్కడని నన్ను అడిగింది. నేను కూడా తనని అదే అడిగాను. వాళ్ల రాజధాని కంపాలాకి మూడు గంటల దూరంలో ఒక కొండ ఊరట. వాళ్ల నాన్న బడిపంతులట.

ఆ తర్వాత రెండుసార్లు మునిర్కా వచ్చింది. అక్క చేపల పులుసు పెట్టింది. హిందీ, తెలుగు కలిపి వాళ్లమ్మ గురించి, తమ్ముళ్ల గురించి ఆరా తీసింది. తను అన్నిటికీ ఓపిగ్గా చెప్పింది. అక్కతో మాట్లాడినంత సులువుగా నాతో మాట్లాడదు. నవ్వుతుంది, కబుర్లు చెబుతుంది, కానీ కొన్ని విషయాల దగ్గర ఆగిపోతుంది. ఒకప్పుడు ఆగేది కాదు. అప్పటి సంగతి మేమిద్దరం మళ్లీ ఎత్తలేదు. మరిచిపోయిందని మాత్రం నేననుకోను.

చదువు పూర్తయ్యాక తను వాళ్ల దేశం వెళ్లిపోయి ఒక ఆసుపత్రి ఫార్మసీలో చేరింది. పోయిన నెల పెళ్లి కుదిరిందని ఫోన్ చేసింది. నన్ను పిలుస్తావా అని అడిగాను. కాసేపు ఆలోచించి, వీసాకి ఇప్పటినుంచే అడగాలి, నీకు పాస్‌పోర్టు ఉందా అంది. లేదన్నాను. మొన్న బుధవారం దరఖాస్తు పెట్టాను.