బ్రేకర్ కింద మనిషి

మా ఇల్లు పెనుకొండలో, పని ధర్మవరంలో. పట్టుచీరల అంచులకు కంప్యూటర్‌లో డిజైన్లు గీస్తాను. రోజూ బండి మీదే పోయి వస్తాను. చెన్నేకొత్తపల్లి దాటి ధర్మవరం దోవ పట్టినాక ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది. ఏళ్లుగా ఎక్కి దిగుతున్నదే. ఒకరోజు పొద్దున దాని మీద బండి ‘దడ్’మనగానే అనుమానం వచ్చింది: ఇప్పుడు నేను ఎక్కి దిగింది బ్రేకరేనా, మనిషా?

మనిషైతే అరుస్తాడు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. అరిచేలోపలే ప్రాణం పోయుంటే? బండి తిప్పి పోయి చూశాను. రోడ్డు ఖాళీ. హమ్మయ్య అనుకొని మళ్లీ ధర్మవరం వైపు తిరిగాను. మధ్యలో అదే బ్రేకర్. మళ్లీ ‘దడ్’. ఇప్పుడు నా లెక్కలో ఇద్దరు.

అట్లా మొదలైంది. రోజూ తిరిగి రావడం, కంపచెట్లలో తొంగి చూడటం, ఎవరూ లేరని నమ్మి కదలడం, కదలగానే నమ్మకం పోవడం, పనికి ఆలస్యంగా చేరడం. అమ్మ ఇదేదో గాలి అని బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించింది. అవి చితికిన చప్పుడుకు దిగి, వంగి చూశాను.

ఒకరోజు అక్కడ గొర్రెలు మేపే పెద్దాయన నన్ను ఆపాడు.

“ఏమప్పా, దినామూ ఈడే తిరుగుతాండావు. ఏం పోగొట్టుకున్యావు?”

నోరు జారింది. “మనిషి కోసం చూస్తాండా.”

“ఎవురు?”

“తెలీదు. నా బండి కింద పడినాడేమోనని.”

ఆయన నవ్వలేదు. కర్రతో కంప తొలగిస్తూ వెతకడం మొదలుపెట్టాడు. ఇంతలో ఎర్రమంచి ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి వస్తున్నవాళ్ల ఆటో ఆగింది. “మనిషి కనపడల్యా” అన్నాడు పెద్దాయన. అంతే, అందరూ దిగారు. కొందరు పక్కనున్న ఎండిన వంకలోకి, కొందరు చేన్లోకి పోయారు.

“ఏం చొక్కా ఏసుకున్యాడబ్బా?” అని వంకలోంచి ఒకాయన కేకేశాడు.

“నేను చూడలేదన్నా!”

“పేరు చెప్పు, పిలుస్తాం!”

అసలు మనిషంటూ ఉన్నాడా అని ఒక్కరూ అడగలేదు. కాసేపటికి ఎవరో చెప్పు దొరికిందని అరిచారు. అటు పరుగెత్తాను. అందరూ దాని చుట్టూ నిలబడి, పాపం కొత్త చెప్పే అని బాధపడుతుంటే, వంకలోంచి ఒకాయన కుంటుకుంటూ ఎక్కి వచ్చాడు. “అది నాదిలేబ్బా. ముల్లు ఇరిగితే ఇప్పి పెట్టినా.” ఆయన కాలికి అది సరిపోయింది. అయినా నన్ను ఓదార్చడానికి అబద్ధం చెప్తున్నాడేమో అనిపించింది.

నా భార్య నాకు మేనమామ కూతురు. ఇంటికి పోగానే “ఎవరూ చావలేదు కదా?” అని ఆమెను అడిగేవాణ్ని. మొదట్లో పక్కన కూర్చొని, చేయి పట్టుకొని చెప్పేది. తర్వాత తిరగమాత వేస్తూ చెప్పేది. ఆఖరికి నేను గడప దాటకముందే “చావలేదు” అనేది. ఒకరోజు ఆ మాటలో గట్టిదనం చాల్లేదని, నా తల మీద చేయి పెట్టి చెప్పమన్నాను. పెట్టింది. ఇంకోసారి అన్నాను. ఆమె కింద కూలబడి ఏడ్చింది. “నాకేం తెలుసు బావా, నేను ఇంట్లో ఉంటి కదా.”

మరుసటి రోజు నన్ను హిందూపురంలో మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకుపోయింది.

డాక్టరమ్మ అంతా విని, “ఇప్పటిదాకా ఎంతమందిని చంపారు?” అంది. నేను నిజంగానే లెక్కేయబోయాను. “ఒక్కరైనా దొరికారా?”

“లేదు మేడం.”

“దొరకలేదని నెమ్మది కలిగిందా?”

“కాసేపు.”

దీన్ని ఓసీడీ అంటారని చెప్పింది. కొందరు చేతులు కడుగుతూనే ఉంటారు, కొందరు తాళం లాగి చూస్తూనే ఉంటారు, మీరు వెనక్కి తిరుగుతున్నారు, అంతే తేడా అంది. వెతికిన ప్రతిసారీ, భార్యను అడిగిన ప్రతిసారీ ఈ జబ్బుకు కడుపు నింపుతున్నానంది. మాత్రలు రాసింది. బ్రేకర్ దాటాలి, వెనక్కి తిరగకూడదు అంది. నా భార్య వైపు తిరిగి, “ఈయన అడిగితే ఏమో, తెలీదు అనండి” అంది. నా భార్యకు ఈ వైద్యం బాగా నచ్చింది.

ముందు ఊళ్లో చిన్న చిన్న బ్రేకర్ల మీద అభ్యాసం చేశాం. తర్వాత ఒక ఆదివారం ఆమెను వెనక కూర్చోబెట్టుకొని ధర్మవరం బయలుదేరాను. ‘దడ్.’

“ఎవరైనా పడినారా?”

“ఏమో, పడింటారేమో.”

“తిప్పుదునా?”

“వద్దు.”

“పోలీసులొస్తే?”

“రానీ బావా. నీకు ఆడికే క్యారియర్ తెస్తాలే.”

కోపమొచ్చింది, భయమేసింది. అయినా బండి తిప్పలేదు. ధర్మవరంలో టీ అంగడి ముందు అరుగు మీద కూర్చున్నాను. చొక్కా తడిసిపోయింది. ఆమె నింపాదిగా టీ తాగింది, నాదీ తాగింది. చాలాసేపటికి భయం జ్వరం దిగినట్టు దానంతటదే దిగింది. నేనేమీ వెతకలేదు, ఎవరూ ఏమీ చెప్పలేదు, అయినా దిగింది. అట్లా జరుగుతుందని నాకు అప్పటిదాకా తెలీదు.

అది ఒక్కరోజులో పోయే జబ్బు కాదు. మాత్రలు వేసుకుంటూనే ఉన్నాను, హిందూపురం పోయి వస్తూనే ఉన్నాను. కొన్ని పొద్దులు వెనక్కి తిరగాలని మెడ నరాలు లాగుతాయి. తిరగకుండా పోతాను. అట్లా ఇన్నాళ్లకు మొదటిసారి నేను వేళకు పనిలోకి పోయినప్పుడు మా యజమాని గడియారం చూసి, నా ముఖం చూసి, దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

“ఏమప్పా, ఇంత తొందరగా వచ్చినావు. ఇంట్లో ఏమన్నా గొడవా?”