సముద్రం ఒడ్డున తాత పాతిన పుల్ల

ముందే ఒక మాట చెప్పుకోవాలి. నేను చదివింది ఐదో తరగతి వరకే. అందులోనూ ఆఖరి ఏడు సగం రోజులు బర్రెల వెనకే పోయాను. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో నాకు ఇప్పటికీ గురి కుదరదు. "నోటితోని చెప్పేదే రాయి తాతా, నిన్నెవరు కొడ్తరు?" అని మా మనవరాలు ఈ నోటుబుక్కు చేతిలో పెట్టింది కాబట్టి ధైర్యం చేస్తున్నాను. చదివేవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

ఆ రోజుల్లో మాకు నీళ్ళంటే గోదావరి ఒక్కటే. పర్ణశాలకు కొంచెం దిగువన, అడవికీ ఏటికీ మధ్య ఇరుక్కున్న పల్లె మాది. వానాకాలం నీళ్ళు ఊరి మీదికి వస్తున్నాయా, తగ్గుతున్నాయా తెలియాలంటే మా తాతను పిలిచేవాళ్ళు. తాత నీటి అంచున ఒక పుల్ల పాతి, పక్కనే కూర్చుని చుట్ట ముట్టించేవాడు. చుట్ట అయిపోయేసరికి నీళ్ళు పుల్లకు ఇవతలికి వచ్చాయా, అవతలే ఉన్నాయా చూసి, "రేపు పొద్దుగూకేదాంక భయం లేదు, పోయి పండుకోండ్రి" అనేవాడు. ఊరంతా పోయి పడుకునేది. ఆ మాట తప్పగా నేను చూడలేదు. అందుకే ఆయన్ని అందరూ నీళ్ళ తాత అనేవాళ్ళు. (నన్ను మాత్రం నీళ్ళ తాత మనవడు అనేవాళ్ళు. నాకంటూ వేరే పేరు వచ్చే పని నేనేమీ చేయలేదు.)

మా అక్కను విశాఖపట్నం ఇచ్చారు. బావ అక్కడ ఓడలు బాగు చేసే షెడ్డులో వెల్డింగు చేసేవాడు. నాకు పందొమ్మిదేళ్ళు వచ్చినా ఏ పనిలోనూ కుదురు లేకపోతే, బావే జాబు రాయించాడు, వాళ్ళ మేస్త్రీకి మనిషి కావాలని. నేను బయలుదేరుతుంటే తాత కూడా పంచె మార్చుకుని బస్సు దగ్గరికి వచ్చేశాడు. "గోదారి పోయి యాడ కలుస్తదో చూడకుండ సచ్చిపోతే ఎట్లరా?" అన్నాడు. భద్రాచలంలో బస్సు, రాజమండ్రిలో రైలు. శనివారం సాయంత్రానికి అక్క ఇంట్లో ఉన్నాం.

ఆదివారం పొద్దున బావ తన సైకిలు బయటికి తీశాడు. నల్లటి సైకిలు, కొబ్బరినూనెతో తుడిచిన చక్రాలు, మొహం చూసుకోవచ్చు అన్నట్టున్న బెల్లు. "ఊరు సూసి రండి తాతగారూ. ఒరే బామ్మర్దీ, రేపు ఆరింటికి నాకు డూటీ, సైకిలు జాగ్రత్త. మా మేస్త్రీ ఒకటే అడిగేడు, సామాను జాగ్రత్తగా సూసుకునే మనిసేనా అని. నాదీ పూసీ అని సెప్పేను. రేపు నిన్ను తీసుకెల్తాను" అన్నాడు. సరే బావా అని ఛాతీ విరుచుకుని ఎక్కాను. తాత వెనక కారేజీ మీద కూర్చుని నా చొక్కా రెండు చేతులా పట్టుకున్నాడు. (ఆ చొక్కా గుండీలు రెండు ఆ రోజు విశాఖపట్నంలోనే ఉండిపోయాయి.)

ఆ ఊరు ఎత్తూ పల్లాల ఊరు. పల్లంలో ఇద్దరం సైకిలు మీద, ఎత్తులో సైకిలు మా ఇద్దరి చేతుల మీద. ముందు జూకు పోయాం. టికెట్టు కొని లోపలికి పోతే మొదట ఎలుగుబంటి కనపడింది. తాత దాన్ని చూసి, నన్ను చూసి, చేతిలో టికెట్టును చూశాడు. "దీనికి పైసలు కట్టినమారా? మనూర్ల ఉత్తగనే ఎంటబడుతది గద!" అన్నాడు. తరవాత సముద్రం ఎదురుగా ఉన్న ఒక పార్కు. అక్కడ బోర్డు మీద రాసింది నేను కూడబలుక్కుని చదివాను, గడ్డి మీద నడవరాదని. తాతకు చాలాసేపు అంతు చిక్కలేదు. "బర్రెలు మేసేది లేదు, మనుషులు నడిచేది లేదు. మరి గీ గడ్డి ఎవరి కోసం రా?" అన్నాడు. పక్కన బెంచీ మీద కూర్చున్న ఒకామె నవ్వు ఆపుకోలేక పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. నేను సిగ్గుతో తాత చెయ్యి పట్టి బయటికి లాగాను. అప్పుడు నాకు సిగ్గు వేయాల్సిన పని ఇంకా రాలేదని తెలియదు.

మధ్యాహ్నానికి సముద్రం దగ్గరికి దిగాం. తాత చెప్పులు విడిచి, దండం పెట్టి, గోదావరిలో చేసినట్టే దోసెడు నీళ్ళు తీసుకుని గుటుక్కున తాగేశాడు. "పాపం, మన గోదారి ఇంత దూరమొచ్చి గిట్లయిపోయిందా" అని మాత్రం అన్నాడు.

పొడి ఇసుకలో చక్రం దిగబడుతుంది కానీ, తడి ఇసుక తారు రోడ్డులా ఉంటుందని నేను కనిపెట్టాను. అలల పక్కనుంచే సైకిలు తొక్కుకుంటూ చాలా దూరం పోయాం. తాత వెనక నుంచి పిల్లవాడిలా "పోనీ, పోనీ!" అని అరిచాడు. ఒకచోట రాళ్ళు అడ్డం వచ్చాయి. రాళ్ళ అవతల పడవలు, ఇంకా అవతల పెద్ద ఓడ. నడిచిపోయి చూద్దామనుకున్నాం. సైకిలుకు తాళం వేశాను. తాత అలవాటు కొద్దీ ఒక పుల్ల ఏరుకొచ్చి నీటి అంచున పాతాడు. పాతి, ఎందుకో అలల వంక చూస్తూ నిలబడ్డాడు.

"అయినా కొత్త నీళ్ళు బిడ్డా. దీని గుణం మనకెరుక లేదు. సైకిలు పైకి గుంజుదాం పట్టు."

నాకు పొడి ఇసుకలో దాన్ని మోసే ఓపిక లేదు. "నువ్వే గద తాతా పుల్ల పాతినవు, ఇంకేం భయం? జల్దీ పోదాం పా" అన్నాను. ఆయన పుల్లను ఆయన మీదికే తిప్పాను. తాత చెప్పులు చేత పట్టుకుని నా వెనకే నడిచాడు.

మేము పడవలు చూసి, ఓడ ఎటు కదులుతుందో చూసి, బుట్టల్లో చేపల పేర్లు తాత ఒక్కొక్కటిగా అడిగి తిరిగి వచ్చేసరికి రెండు మూడు గంటలు అయింది. పుల్ల లేదు. పుల్ల పాతిన చోటూ లేదు. సైకిలు ఉన్నచోట అలలు ఎగురుతున్నాయి, మధ్యలో ఒక హ్యాండిలు కొమ్ములాగా తేలుతూ మునుగుతూ ఉంది. నేను మోకాళ్ళ లోతు నీళ్ళలో పరిగెత్తాను. రేపు ఆరింటి డ్యూటీ, మేస్త్రీ, సామాను జాగ్రత్త, అన్నీ ఆ అలల్లోనే కనపడ్డాయి. వల బాగుచేసుకుంటున్న ఒకాయన వచ్చి నడుముకు తాడు కట్టుకుని సాయం పట్టాడు. "ఏటి తాతా, సైకిల్ని సముద్ర సానానికి తెచ్చేవేటి?" అని అడుగుతూనే లాగాడు.

సైకిలు వచ్చింది కానీ తాళంలో ఇసుక నిండి తాళంచెవి తిరగలేదు. చక్రం కదలదు. హ్యాండిలు తాత, కారేజీ నేను పట్టుకుని బీచి రోడ్డు వెంట మోసుకుంటూ నడిచాం. ఒక పోలీసాయన ఆపాడు. "తాళం ఏసిన సైకిలు మోసుకుపోతన్నారు, ఎవుల్దది?" అన్నాడు. నేను తాళంచెవి చూపించాను, అది తిరగలేదు కాబట్టి అనుమానం ఇంకా పెరిగింది. "సారూ, దొంగలమైతే గిసొంటి సైకిలు దొంగతనం చేస్తమా?" అన్నాడు తాత. ఆయన సైకిలు గొలుసుకు వేలాడుతున్న నాచును, నీళ్ళు కారుతున్న సీటును చూసి వదిలేశాడు.

ఇంటి ముందు బావ నిలబడి ఉన్నాడు. సైకిలు చూసి మొహం ఎర్రబడింది. నోరు తెరిచే లోపే నేనే అనేశాను.

"తాత పుల్ల పాతి, అక్కడనే పెట్టుమన్నడు బావా. నేనొద్దన్న."

అంతే. పదేళ్ళు చదివినా రాని అబద్ధం నాకు ఐదో తరగతితోనే వచ్చింది. తాత నన్ను ఒక్కసారి చూశాడు. తరవాత బావ వైపు తిరిగాడు.

"అవ్ మనవడా. నేనే పెట్టుమన్న. ముసలి బుద్ధి."

పెద్దాయన్ని ఏమనగలడు? బావ కోపం నవ్వుగా మారింది. "తాతగారూ, ఇది గోదారి కాదండీ. దీనికి రోజుకి రెండు మార్లు పోటొస్తాది" అన్నాడు. తాత నిజంగానే అదిరిపడ్డాడు. "రోజుకు రెండుసార్లా? మరి గీ ఊరోళ్ళు ఎట్ల పండుకుంటుండ్రు?" అన్నాడు. అక్క నవ్వి నవ్వి గుమ్మంలో కూలబడింది.

సాయంత్రం నేనూ తాతా కిరసనాయిలుతో సైకిలు తుడిచాం. చీపురుపుల్లతో బెల్లులో ఇసుక తీస్తుంటే, "తాతా, నేనూ..." అన్నాను. "బెల్లు గట్టిగ పట్టు, జారుతున్నది" అన్నాడు. ఆ సంగతి మా మధ్య మళ్ళీ రాలేదు. మరునాడు బావ పూచీ మీద నాకు పని దొరికింది. పదకొండేళ్ళు చేశాను. బావ సైకిలు బెల్లు మాత్రం ఆ తరవాత ఎప్పుడూ మోగలేదు, గరగరమనేది.

అక్క ఈ కథను ఊరికి జాబులో రాసింది. నీళ్ళ తాతను నీళ్ళే మోసం చేశాయని ఊరంతా నవ్వుకుంది. ఆ ఏడు వరద వచ్చినప్పుడు తాత ఎప్పటిలాగే పుల్ల పాతి, భయం లేదన్నాడట. సగం ఊరు మాత్రం ధాన్యం మూటలు నెత్తిన పెట్టుకుని బడి గట్టు ఎక్కింది. నీళ్ళు రాలేదు. తాత మాటే నిజమయింది, కానీ ఆ తరవాత ఆయన్ని పిలవడం తగ్గించారు. సెలవుకు పోయినప్పుడు అమ్మ ఈ సంగతి చెబితే నేను అన్నం కలుపుతూ ఉండిపోయాను. తాత పీట మీద చుట్ట కాలుస్తూ, "ఓడ కింద ఎట్లుంటది బిడ్డా? నువ్వు చూసినవా?" అని అడుగుతున్నాడు. నేను ఓడ గురించి చెప్పాను.

ఇప్పుడు నేనూ తాతనే. నీళ్ళు ఎంత వచ్చాయో ఫోనులోనే తెలిసిపోతుంది. అయినా వానాకాలం ఒకసారి మా గోదావరి ఒడ్డుకు పోయి పుల్ల పాతి కూర్చుంటాను. ఆ పందొమ్మిదేళ్ళవాడు గుండీలు లేని చొక్కాతో, తిరగని తాళంచెవి పట్టుకుని కనపడతాడు. కొట్టాలనిపిస్తుంది, నవ్వూ వస్తుంది. బావకు ఈ సంగతి ఇవాళ్టికీ తెలియదు. చదివితే తెలుస్తుంది, తెలియనీ.

ఇందులో తప్పులు చాలా ఉంటాయి, పెద్ద మనసుతో మన్నించండి. అన్నీ నావే. ఈసారి తాత మీద పెట్టను.